ఇటాలియను భాషలో అనియత క్రియలు – వాని చరిత్ర

తెలుగును 'ప్రాచ్య ఇటాలియను' అని కొనియాడుట మన సభలలో పరిపాటి. తెలుగు మాటలు అజంతములు. ఇటాలియను మాటలును చాలవఱకు అచ్చుతోనే ముగియును. పోలిక అంతటితో నిలిచిపోయినది. పదము చివరి అచ్చును మెచ్చుకొన్నవారు క్రియాపదము నడుమకు తొంగి చూచుట అరుదు. చూచినచో మఱియొక సామ్యము కానవచ్చును. నిత్యము నోట మెదలు క్రియలే రెండు భాషలలోను నియమము తప్పి నడచును. 'వచ్చు' ధాతువు 'రమ్ము', 'రాడు' అగుటయు, 'ఇచ్చు' ధాతువు 'ఇమ్ము', 'ఈడు' అగుటయు తెలుగింటి పసిబిడ్డ ఎవరును నేర్పకయే నేర్చుకొనును. ఇటలీలోను ఇంతే. అయితే అక్కడ ఈ రూపములలో ఏది సాధువు, ఏది అసాధువు అను తగవు నాలుగు శతాబ్దములు సాగినది.

ఇటాలియను క్రియలు తుమర్థకరూపమును బట్టి 'ఆరె', 'ఎరె', 'ఈరె' అని మూడు గణములు. అర్థములు ఏడు: నిశ్చయము, సంభావన, సాపేక్షము, విధి అను నాలుగింట పురుషభేదము కలదు, తుమర్థకము మొదలగు మూడింట లేదు. నిశ్చయార్థమున ఎనిమిది కాలములు, సంభావనార్థమున నాలుగు, సాపేక్షార్థమున రెండు. మొదటి గణమున నియమము తప్పు క్రియలు నాలుగే: అందారె (పోవు), దారె (ఇచ్చు), ఫారె (చేయు), స్తారె (ఉండు). అందులో ఫారె నిజమునకు చాటున దాగిన రెండవ గణపు క్రియ. లాటినున అది 'ఫాకెరె'. తుమర్థకమున కుఱుచయైనను, 'చేయుచుంటిని' అను నర్థమున 'ఫాచెవో' అన్నప్పుడు పాత ధాతువు మరల తల ఎత్తును. ఈ మాటలను తెలుగు లిపిలో వ్రాయుటకు మనకు కష్టము లేదు. ఇటాలియను త, ద లు మన వానివలె దంత్యములు. ద్విత్వమునకును అక్కడ విలువ గలదు. 'ఫాతో' అనగా విధి, 'ఫాత్తో' అనగా చేయబడినది.

అందారె వర్తమానరూపములు చూడదగినవి: వాదో, వాయి, వా, అందియామో, అందాతె, వాన్నో. నేను పోవుదును, నీవు పోవుదువు, వాడు పోవును, మేము, మీరు, వారు – ఇది వరుస. ఇందు రెండు ధాతువులు కలిసినవి. ఒకటి లాటిను 'వాదెరె'. రెండవదాని పుట్టుకను గూర్చి పండితులకు నేటికిని ఏకాభిప్రాయము లేదు. అయినను ఈ కలయికకు ఒక క్రమము కలదు. ఊనిక ధాతువుపై పడుచోట 'వాద్' వచ్చును. ప్రత్యయముపై పడుచోట 'అంద్' వచ్చును. ఎస్సెరె (ఉండు, అగు) మఱింత చిత్రము. వర్తమానమున 'సోనో', దూరభూతమున 'ఫూయి'. 'అయిన' అను విశేషణమునకు 'స్తాతో' అని స్తారె నుండి అప్పు తెచ్చుకొన్నది. 1954 వఱకు ఫ్రెంచి పాలనలో నుండిన యానాములో ఫ్రెంచి చదివిన తెలుగువారికి ఇది వింత కాదు; ఫ్రెంచివారి 'పోవు' క్రియలో మూడు ధాతువులు కలవు.

దూరభూతకాలము విద్యార్థులను మిక్కిలి బాధించునది. ప్రెందెరె (తీసికొను) రూపములు ఇవి: ప్రేసి, ప్రెందెస్తి, ప్రేసె, ప్రెందెమ్మో, ప్రెందెస్తె, ప్రేసెరో. ఉత్తమపురుష ఏకవచనమునను, ప్రథమపురుష రెండు వచనములందును ధాతువు మారును. తక్కిన మూడింట మారదు. ఇక్కడను కారణము ఊనికయే. మారిన మూడింట అది ధాతువుపై నుండి పాత రూపమును కాపాడినది. తక్కిన వానిలో ప్రత్యయముపై నుండుటచే అవి వర్తమాన ధాతువును అనుసరించి క్రొత్తగా ఏర్పడినవి. కలిగియుండుట యను నర్థము గల ఆవేరె క్రియకును ఇదే నడక: ఎబ్బి, ఆవేస్తి, ఎబ్బె, ఆవేమ్మో, ఆవేస్తె, ఎబ్బెరో.

ఈ ఆవేరె చేసిన పని వ్యాకరణములు చదువువారు సామాన్యముగా గమనింపరు. లాటినులోని భవిష్యద్రూపములు ప్రజల నోట నశించి, 'పాడుటకు కలిగియున్నాను' అను పలుకుబడి వాని స్థానమున నిలిచినది. 'కాంతారె హాబెయో' అను రెండు మాటలు కరగి 'కాంతెరో' (పాడుదును) అను ఒక్క మాట అయినది. ఇటలీ వెలుపల, గాల్ దేశమున 7వ శతాబ్దిలో వ్రాయబడిన ఫ్రెదెగారు వృత్తాంతమున 'ఇత్తువు' అను నర్థమున 'దారాస్' అను రూపము కనబడుచున్నది. ఇట్టి భవిష్యద్రూపమునకు దొరకిన తొలి సాక్ష్యము అదియే. అట్లే తుమర్థకమునకు ఆవేరె యొక్క దూరభూతము చేరి 'పాడియుందును' అను సాపేక్షార్థము పుట్టినది: కాంతెరేయి, కాంతెరెస్తి, కాంతెరెబ్బె, కాంతెరెమ్మో, కాంతెరెస్తె, కాంతెరెబ్బెరో. 'ఎబ్బె', 'ఎబ్బెరో' లు స్పష్టముగా వినబడుచునే యున్నవి. నియమము తప్పిన ఒక క్రియ భాషలోని ప్రతి నియత క్రియలోపలను కూర్చున్నదన్నమాట. తెలుగున 'ఉండు' ధాతువు 'ఉన్నాడు' అని వికారము పొంది, 'చేయుచున్నాడు', 'పాడుచున్నాడు' అని ప్రతి క్రియకును తోకయైనట్లే ఇదియు.

ఇటాలియను దేశభాషకు దొరకిన మొదటి నిశ్చిత పత్రము 960 మార్చి నాటి కాపువా న్యాయపత్రము. మోంతెకాస్సీనో మఠపు భూముల వివాదమున సాక్షులు పలికిన ప్రమాణవాక్యము తప్ప మిగిలినదెల్ల లాటినే. ఆ ప్రమాణపు మొదటి మాట 'సావో' – 'నేనెరుగుదును'. అనగా భాష ఒక అనియత క్రియారూపముతోనే పత్రమునకెక్కినది! ఆ ప్రాంతపు పలుకుబడి ప్రకారము 'సాచ్చో' అని యుండవలసినదిగదా, 'సావో' ఎట్లు వచ్చెనని పండితులు చాలకాలము వాదించిరి. న్యాయస్థానపు లేఖకుడు ఇంటి మాటను కొంత దిద్ది వ్రాసియుండవచ్చునని కొందఱి ఊహ.

దిద్దుట అను పని వ్యాకర్తలు చేపట్టినది పిమ్మట. లెయోన్ బాత్తీస్తా ఆల్బెర్తీ 1440 ప్రాంతమున వ్రాసిన చిన్న వ్యాకరణము ఈ భాషకు మొదటిది. ఆయన తన కాలపు ఫ్లారెన్సు వీథులలో వినబడిన రూపములనే పట్టికలకెక్కించెను. 'నేనుంటిని' అనుటకు 'ఏరో' అని వ్రాసెను. ఆ గ్రంథము అచ్చు కాలేదు, వ్యాప్తి పొందలేదు. 1516లో ఫోర్తూనియో వ్యాకరణము అంకోనాలో అచ్చయినది. 1525లో పియెత్రో బెంబో సంభాషణరూప గ్రంథము వెలువడినది. బెంబో వెనీసువాడు. ఫ్లారెన్సువారు నేడెట్లు మాటాడుచున్నారన్నది ఆయనకు ప్రమాణము కాదు; 14వ శతాబ్దిలోని పెత్రార్కా, బొక్కాచ్చోలు ఎట్లు వ్రాసిరన్నదే ప్రమాణము. వారు 'ఏరా' అనిరి కావున 'ఏరా' సాధువైనది. ఫ్లారెన్సు తల్లులు 'ఏరో' అనుచుండగా ఫ్లారెన్సు పిల్లలు బడిలో 'ఏరా' అని వ్రాయవలసి వచ్చెను. ఇంటి మాటయే తప్పైన బిడ్డ మనఃస్థితిని వ్యాకర్తలెవరును లెక్కలోనికి తీసికొనలేదు.

1814లో రోమునగరమున మార్కో మాస్త్రోఫీని అను మతాచార్యుడు అనియత క్రియల నిఘంటువును ప్రకటించెను. (ఆ యేటనే సీరాంపూరున విలియం కేరీ తెలుగు వ్యాకరణము ఆంగ్లమున వెలువడుట కాకతాళీయము.) ఆయన ఒక్కొక్క రూపమునకు సాధువు, ప్రాచీనము, కావ్యమాత్రము, సందిగ్ధము అని వేర్వేరు స్థానములు కల్పించెను. కాపాడుట, త్రోసివేయుట రెండును ఒకే పుటలో జరుగుటచే ఆ గ్రంథము నేటికిని చదువదగినది. ఉదాహరణమునకు 'పోవుగాక' అనుటకు సాధురూపము 'వాదా'. మొదటి గణపు క్రియలకు సంభావనార్థమున 'ఇ' వచ్చును. అందారె మొదటి గణపుదిగదా అని బాలుడు 'వాది' అనును. అతని తర్కమున లోపము లేదు. 'వాద్' ధాతువు లాటినున వేరొక గణమునకు చెందినదని అతనికి ఎవరు చెప్పిరి? 16వ శతాబ్దిలో ఫ్లారెన్సు రచయితలే 'వాది' అని వ్రాసిరి. 1975 నాటి 'ఫాంతోజ్జి' చలనచిత్రమున గుమాస్తాల నోట ఇట్టి రూపములు వినబడగా ఇటలీ యెల్ల నవ్వినది. అపహాస్యమునకు గురియైన ఆ రూపమునకు పూర్వచరిత్ర కలదని ఎరిగినవారు ఆ ప్రేక్షకులలో ఎందరో!

'ఏరో' కథ ముగించినవాడు మిలాను నగరవాసి ఆలెస్సాంద్రో మన్‌జోనీ. 1827లో నవలను ప్రకటించి, ఆ వేసవిలో ఫ్లారెన్సు పోయి, అచ్చటి సజీవభాషను విని, గ్రంథమునంతయు తిరుగవ్రాసి 1840 నుండి 1842 వఱకు సంచికలుగా అచ్చువేసెను. అందు ఉత్తమపురుషకు 'ఆ' తీసి 'ఓ' పెట్టెను. ఆల్బెర్తీ విన్న రూపము నాలుగు వందల యేండ్లకు గ్రంథస్థమై నిలిచినది. మన పక్షమున ఇట్టి పోరు సాగించిన గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. 1936 ఏప్రిల్ 1న ఆ పట్టణము ఒడిశాలో చేరగా ఆయన రాజమహేంద్రవరమునకు తరలిపోయెను. 'చేయుచున్నాను', 'చేస్తున్నాను' అను రూపముల తగవు 'ఏరా', 'ఏరో' ల తగవునకు తోబుట్టువు. హోసూరు, బళ్లారి, బరంపురము ఇండ్లలోని క్రియారూపములు పాఠ్యపుస్తకమునకు సరిపడకపోవుట చూచిన వారికి ఈ తగవు ఇంకను పాతబడలేదు.

1861లో ఇటలీ ఏకమైనప్పుడు జనులలో నూటికి డెబ్బదియైదుగురికి పైగా నిరక్షరాస్యులు. ఇటాలియను మాటాడగలవారు నూటికి రెండున్నర అని తూల్యో దె మౌరో లెక్క. పదికి చేరువ అని కాస్తెల్లానీ లెక్క. తక్కినవారు మాండలికములనే పలికిరి. 1960 నుండి 1968 వఱకు ఆల్బెర్తో మాన్‌జి అను ఉపాధ్యాయుడు దూరదర్శన ప్రసారముల ద్వారా పెద్దలకు అక్షరములు నేర్పెను. అందఱకు ఒక భాష అబ్బినది గాని కాలముల వాడుక ఒకటి కాలేదు. ఉత్తరదేశమున సంభాషణలో దూరభూతము ఇంచుమించు నశించినది. నిన్నటి మాటకును, వంద యేండ్ల క్రిందటి మాటకును సహాయక్రియతో కూడిన సమీపభూతమునే వాడుదురు. తోస్కానావారు రెంటికిని భేదము పాటింతురు. సిసిలీలో ఉదయము జరిగిన సంగతిని సాయంకాలము దూరభూతముతో చెప్పుదురు. కావున మిలాను బాలుడు ప్రేసి, ప్రెందెస్తి, ప్రేసె అని వల్లెవేసి కథాపుస్తకములకై నేర్చుకొనుచున్న కాలము పాలెర్మో బాలునికి ఇంటనే వినబడుచుండును. మన్‌జోనీ తన నవలను నడిపినది ఆ కాలముననే. ఆయన ఇంట పలికిన మిలాను మాండలికమున దాని వాడుక అప్పటికే అడుగంటినది.