పెద్దల సభ: 1911లో ఇచ్చిన మాట ఇంకా బాకీయే

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లలో చాలామందికి తెలియదు గానీ, ఇండియా పాస్‌పోర్టు మీద ఉన్నా సరే, వీసా సరిగ్గా ఉంటే ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో మనకు ఓటుంది. కామన్వెల్త్ దేశం వాళ్లం కదా. కాకపోతే ఆ ఓటు కింది సభకే. పైన ఇంకో సభ ఉంది, హౌస్ ఆఫ్ లార్డ్స్. దానికి మనమే కాదు, ఇక్కడ పుట్టినవాళ్లూ ఓటు వేయలేరు.

ఈ సభతో అసలు గొడవ 1909లో వచ్చింది. అప్పుడే 70 ఏళ్లు దాటిన పేదలకు వారానికి 5 షిల్లింగుల దాకా పింఛను మొదలైంది. పింఛన్లకూ, యుద్ధనౌకలకూ డబ్బు కావాలి. ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్ పెద్ద ఆదాయాల మీద, భూముల మీద పన్నులు పెట్టారు. లార్డ్స్‌లో ఉన్నదేమో ఎక్కువగా తాతల నాటి భూములున్న దొరలు. ఊరుకుంటారా? 350 మంది వద్దన్నారు, 75 మందే సరే అన్నారు. బడ్జెట్ ఆగిపోయింది.

1910లో రెండుసార్లు ఎన్నికలు జరిగాయి. మొదటి ఎన్నికల తర్వాత బడ్జెట్‌ను వదిలారు. కానీ సభ అధికారం సంగతి తేలలేదు. అవసరమైతే వందలమంది కొత్త లార్డులను చేస్తానని రాజు ఒప్పుకున్నాక గానీ వాళ్లు లొంగలేదు. 1911 ఆగస్టులో 131 - 114 ఓట్లతో చట్టం గట్టెక్కింది. అప్పటినుంచి డబ్బు బిల్లును నెలకు మించి ఆపలేరు. మిగతావాటిని రెండేళ్లు ఆపగలిగేవారు, 1949లో దాన్నీ ఏడాదికి తగ్గించారు.

ఆ 1911 చట్టం మొదట్లోనే ఒక మాట రాశారు. వంశాన్ని బట్టి కాకుండా ప్రజల మీద ఆధారపడే సభను తేవాలని ఉద్దేశం, కానీ వెంటనే కుదరదు అని. ఆ "వెంటనే" వందేళ్లు దాటింది!

1958లో జీవితకాలం సభ్యులు వచ్చారు, ఆడవాళ్లకూ చోటు దొరికింది. 1999లో వారసత్వపు లార్డులను 600 మందికి పైగా పంపించేసి 92 మందిని ఉంచారు. 2007లో కింది సభ మొత్తం ఎన్నికే కావాలంది, పై సభ మొత్తం నియామకమే కావాలంది. 2012లో బిల్లు 462 - 124తో ముందుకెళ్లినా, అధికార పక్షంలోనే 91 మంది ఎదురు తిరిగేసరికి వెనక్కి తీసుకున్నారు.

ఎందుకంటే, ఓట్లతో గెలిచి వచ్చినవాడు "నాకూ సమాన హక్కు" అంటాడు. ఆ పోటీ కింది సభకు ఇష్టం లేదు. పైగా లార్డుల పేర్లు పంపేది ఎక్కువగా ప్రధానమంత్రే. డాక్టర్లు, జడ్జీలు లాంటి అనుభవజ్ఞులు అక్కడ బిల్లులను లైను లైనుగా చూస్తారన్నది నిజమే, కాదనను. కానీ వాళ్లను ఓటుతో దించే హక్కు ప్రజలకు లేదు.

మన ఆంధ్రాలో శాసనమండలి కథా తెలిసిందే. 1985లో ఎన్టీఆర్ తీసేశారు, 2007లో మళ్లీ వచ్చింది, 2020లో రద్దు చేయాలని తీర్మానం, 2021లో అదీ వెనక్కి. అడ్డొస్తే తీసేద్దాం అంటారు, మనవాళ్లకు పదవులు కావాలంటే ఉంచుదాం అంటారు.

సైటు భాషలో చెప్పాలంటే, లార్డ్స్ పాత గోడ సగం కొట్టి కొత్తది కట్టకుండా వదిలేసిన పని. ఇలాంటి పనికి ఏ ఇంజనీరూ సంతకం పెట్టడు. నా మటుకు, సభ ఉండాలి, చట్టాలు సరిచూడాలి, కానీ గడువుండాలి, ఎన్నిక ఉండాలి. అది తేల్చాల్సింది కింది సభే. ఆ సభకు మన ఓటుంది కాబట్టి, ఇక్కడున్నవాళ్లు ముందు పేరు నమోదు చేయించుకోండి. మీరేమంటారో కింద రాయండి.