యుద్ధకాలపు విమానాలు మహా బాంబులను ఎలా మోశాయి?

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై దాడి చేసిన జపాన్ విమానాలు బంగాళాఖాతంలోని విమానవాహక నౌక నుంచి వచ్చినవి. ఒకే ఇంజను గల అటువంటి విమానం మోయగలిగిన గరిష్ఠ బాంబు భారం సుమారు 800 కిలోలు. మూడేళ్లు నిండకముందే, ఐరోపా రణరంగంలో బ్రిటన్‌కు చెందిన లాంకాస్టర్ విమానం దాదాపు 10 టన్నుల బరువున్న ఒకే ఒక్క బాంబుతో గాలిలోకి లేచింది. ఇంజన్ల శక్తి పెరగడం ఒక్కటే ఇందుకు కారణం కాదు. బాంబుకు తగినట్లుగా విమానాన్నే మార్చివేయడం అసలు కారణం.

అడ్డుగోడలు లేని అర

బాంబు బరువుతో పాటు దాని పొడవు, లావు కూడా సమస్యే. బ్రిటన్‌కే చెందిన స్టిర్లింగ్ విమానానికి నాలుగు ఇంజన్లు ఉన్నా, దాని కడుపులోని బాంబుల అర నిలువుగా ఇరుకైన భాగాలుగా విడిపోయి ఉండేది. చిన్న బాంబులను అనేకం మోయగలిగినా, 4,000 పౌండ్ల పెద్ద బాంబు అందులో పట్టేది కాదు. లాంకాస్టర్ అర సుమారు 10 మీటర్ల పొడవున ఏ అడ్డూ లేకుండా ఉండేది. ఆ ఖాళీ స్థలమే దానిని మహా బాంబుల వాహనంగా నిలిపింది.

ఆనకట్టలపై దాడి

1943 మే 16 రాత్రి 617వ స్క్వాడ్రన్‌కు చెందిన 19 లాంకాస్టర్లు జర్మనీ ఆనకట్టలపైకి బయలుదేరాయి. ఇంజనీరు బార్న్స్ వాలిస్ రూపొందించిన ‘అప్‌కీప్’ బాంబు పీపా ఆకారంలో, 4 టన్నులకు పైగా బరువుతో ఉండేది. అది అరలో ఇమడదు గనుక తలుపులు తీసివేసి, రెండు చేతుల మధ్య అడ్డంగా బిగించారు. విమానం వీపుపై ఉండే తుపాకుల టరెట్‌ను కూడా తొలగించారు. విడిచే ముందు బాంబును మోటారుతో నిమిషానికి 500 సార్లు వెనుకకు తిప్పేవారు. సుమారు 18 మీటర్ల ఎత్తు నుంచి జారవిడిస్తే, అది నీటిపై ఎగురుతూ వెళ్లి ఆనకట్టను తాకి, మునిగి, నీటి లోపల పేలేది.

మోనే, ఎడెర్ ఆనకట్టలు తెగాయి. 8 విమానాలు తిరిగి రాలేదు. సిబ్బందిలో 53 మంది మరణించారు. వరదలో సుమారు 1,600 మంది ప్రాణాలు కోల్పోగా, వారిలో అధికులు జర్మనీ బలవంతంగా పని చేయించుకుంటున్న విదేశీయులే.

భూకంప బాంబులు

లక్ష్యాన్ని నేరుగా తాకడం కన్నా, దాని పక్కన భూమిలోకి లోతుగా దిగి పేలితే పునాదులే కదులుతాయని వాలిస్ భావించారు. ఆ విధంగా 5 టన్నులకు పైబడిన ‘టాల్‌బాయ్’ రూపొందింది. 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని సోమూర్ రైలు సొరంగంపై దీనిని తొలిసారి ప్రయోగించారు. అదే ఏడాది నవంబర్ 12న జర్మన్ యుద్ధనౌక టిర్పిట్జ్ ఈ బాంబులతోనే మునిగింది.

పది టన్నుల ‘గ్రాండ్ స్లామ్’ కోసం లాంకాస్టర్ మరింత తేలిక కావలసి వచ్చింది. అర తలుపులతో పాటు ముక్కు, వీపు భాగాలలోని టరెట్లను తీసివేసి, చక్రాల కాళ్లను దృఢపరిచి, శక్తిమంతమైన ఇంజన్లు అమర్చారు. అంటే బాంబు కోసం విమానం తన రక్షణను కొంత వదులుకుంది. 1945 మార్చి 14న బీలెఫెల్డ్ రైలు వంతెనపై దీనిని మొదటిసారి ప్రయోగించారు. అంతకుముందు పలు దాడులను తట్టుకున్న ఆ వంతెన కమానులు ఆ రోజు కూలిపోయాయి.

అణుబాంబుకు అదే పాఠం

అమెరికా బీ-29 విమానాలు 1944లో ఖరగ్‌పూర్ పరిసర స్థావరాలలో ఉండేవి. వాటి తొలి యుద్ధదాడి ఆ జూన్ 5న భారత్ నుంచి బ్యాంకాక్‌పై జరిగింది. అణుబాంబుల కోసం కొన్ని బీ-29ల అరలను మార్చినప్పుడు, తోక భాగంలోనివి తప్ప మిగిలిన తుపాకులను తొలగించారు. పెద్ద బాంబును పట్టి విడిచేందుకు లాంకాస్టర్లలో వాడిన బ్రిటిష్ సాధనాన్నే స్వీకరించారు. బాంబు విమానం కిందకు దూరనంత పెద్దది కావడంతో, టినియన్ దీవిలో గొయ్యి తవ్వి, బాంబును అందులో దించి, విమానాన్ని పైన నిలిపి లిఫ్టుతో ఎక్కించారు.

ఈ బాంబుల ముప్పు యుద్ధంతో ముగియలేదు. 1945లో పోలండ్‌లోని శ్వినోఉయ్‌శ్చె వద్ద పేలకుండా నీటి అడుగున ఉండిపోయిన టాల్‌బాయ్ ఒకటి, 2020 అక్టోబరులో నౌకాదళం నిర్వీర్యం చేస్తుండగా పేలింది. పరిసరాల నుంచి సుమారు 750 మందిని ముందే తరలించినందున ఎవరికీ హాని జరగలేదు.