కొలత సాధనమూ, అమ్మేవాని పూచీ

బజారులో మనం కొనే వస్తువులలో చాలావాటి మంచిచెడ్డలు వాడకంలో బయటపడుతవి. బట్ట నాసిరకమైతే నాలుగు ఉతుకులకు తెలిసిపోతుంది. కుండకు బీట ఉంటే నీరు కారుతుంది. కొలత సాధనం సంగతి అట్లా కాదు. తప్పుడు త్రాసు తన తప్పును తాను చెప్పుకోదు. దానిలో తూచిన ప్రతి సరుకునూ తప్పు చేసి చూపుతుంది. అందువల్ల త్రాసు చవకగా దొరుకుతున్నదంటే కొనేవానికి సంతోషం కన్న సందేహమే ముందు కలుగుతుంది. విద్యుత్ పరికరాలను పరీక్షించే సాధనాల విషయంలో ఈ సందేహాన్ని ఒక వర్తక సంస్థ ఎదుర్కొన్న తీరు తెలుసుకోదగినది. అది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని బెంటన్ హార్బర్ పట్టణంలో వెలసిన హీత్ కంపెనీ.

వాల్వు రేడియోలను బాగుచేసే మెకానిక్కు పనిని చూచినవారికి ఈ సాధనాల అవసరం సులభంగా బోధపడుతుంది. రేడియో మూగపోయినప్పుడు లోపల ఏ చోట ఎన్ని వోల్టులున్నవో చూడవలసి ఉంటుంది. మామూలు మీటరును తగిలిస్తే, ముల్లు కదలడానికి కావలసిన విద్యుత్తును అది ఆ చోటినుంచే లాగుకుంటుంది. విద్యుత్తు దండిగా ఉన్నచోట దీనివల్ల నష్టం లేదు. సున్నితమైన చోట మాత్రం మీటరు తాకగానే వోల్టేజి పడిపోతుంది. ముల్లు చూపే అంకె నిజమైన అంకె కాదు. నాడి చూడబోయిన వైద్యుని చేతి బరువుకే నాడి క్రుంగినట్లన్నమాట. ఈ చిక్కును తప్పించడానికి పుట్టినది వాల్వు వోల్టుమీటరు. ముల్లును కదిలించే శ్రమను దానిలోని వాల్వు భరిస్తుంది గనుక, పరీక్షించే చోటినుంచి అది తీసుకునే విద్యుత్తు అత్యల్పం. ఇక ఆసిలోస్కోపు విద్యుత్ తరంగాల ఆకృతినే తెరపై గీసి చూపుతుంది.

రెండవ ప్రపంచయుద్ధానంతరం అమెరికాలో టెలివిజన్ వ్యాపించసాగినది. సైన్యంలో రేడియో పని నేర్చి తిరిగివచ్చిన యువకులు ఊరూరా మరమ్మతు దుకాణాలు తెరిచినారు. వారికి ఈ రెండు సాధనాలూ కావలసివచ్చినవి. కాని అవి ప్రయోగశాలలకూ పెద్ద కర్మాగారాలకూ అందే ధరలలో ఉండేవి. చిన్న దుకాణదారుకు అది ‘కొనబోతే కొరివి’ అన్న సామెతే అయినది.

హీత్ కంపెనీ మొదట చేసిన వ్యాపారానికి రేడియోతో సంబంధం లేదు. ఎడ్వర్డ్ బేయర్డ్ హీత్ అనే వైమానికుడు చికాగోలో దానిని నడిపేవాడు. పారసోల్ అనే చిన్న విమానాన్ని విడిభాగాలుగా అమ్మి, కొన్నవారే స్వయంగా కూర్చుకునే వీలు కల్పించినాడు. 1931లో ఒక విమానాన్ని పరీక్షిస్తూ ఆయన మరణించినాడు. దివాలా తీసిన ఆ సంస్థను 1935లో హోవర్డ్ ఆంథొనీ కొన్నాడు. యుద్ధం ముగియగానే సైన్యానికి అక్కరలేని రేడియో సామగ్రి రాశులుగా అమ్మకానికి వచ్చినది. ఆంథొనీ దానిని పెద్దయెత్తున కొని, విమానాల విషయంలో హీత్ అనుసరించిన పద్ధతినే ఇక్కడ ప్రయోగించినాడు. 1947లో 5 అంగుళాల తెర గల ఆసిలోస్కోపు విడిభాగాల పెట్టె వెలువడినది. దాని వెల 50 డాలర్లకు లోపే. వాల్వు వోల్టుమీటరు మొదలైనవి దాని వెనుకనే వచ్చినవి.

ధర తగ్గినది గాని అసలు చిక్కు అక్కడే మొదలైనది. కర్మాగారంలో తయారైన సాధనాన్ని పరీక్షించి ముద్ర వేసి పంపవచ్చును. హీత్ కంపెనీ అమ్మినది సాధనాన్ని కాదు; సాధనం కాగల సామగ్రిని. దానిని సాధనంగా మార్చేవాడు ఎక్కడో దూరాన, తన ఇంటి బల్లపై, తన చేతులతో మారుస్తాడు. కంటితో చూడని వస్తువుకు అమ్మేవాడు పూచీ పడడం ఎట్లా?

ఆ సంస్థ కనిపెట్టిన ఉపాయమేమంటే, వస్తువుతోపాటు దానిని కూర్చే విధానాన్ని తెలిపే పుస్తకాన్ని కూడ పరీక్షకు నిలపడం. మొదట క్లుప్తంగా ఉన్న ఆ పుస్తకాలు 1950 తరువాతి సంవత్సరాలలో ఎంతో విస్తరించినవి. ఏ తీగ ఎంత పొడవు కత్తిరించాలి, ఏ కొన ఎక్కడ చుట్టాలి, ఎప్పుడు టంకం పెట్టాలి అన్నది ఒక్కొక్క మెట్టుగా వ్రాసి, ప్రతి మెట్టు ప్రక్కన గుర్తు పెట్టుకునేందుకు ఖాళీ ఉంచేవారు. పెద్ద చిత్రపటాలు జతచేసేవారు. పుస్తకం అచ్చుకు వెళ్ళకముందే, ఆ యంత్రాన్ని రూపొందించని ఇతర ఉద్యోగులకు చిత్తుప్రతినీ సామగ్రినీ ఇచ్చి కూర్చమనేవారు. చదివేవాడు ఎక్కడ తడబడితే అక్కడ వాక్యాన్ని దిద్దేవారు. తప్పు చేసినవానిది కాక, చెప్పినవానిదేమో అని ముందుగా విచారించడం ఇందులోని విశేషం.

అమరిక పూర్తయిన తరువాత కొలతను సరిచూచుకోవడం మరొక సమస్య. కొన్నవాని వద్ద ప్రామాణిక సాధనాలు ఉండవు. ఉంటే ఈ పెట్టె కొననే కొనడు. కనుక వాల్వు వోల్టుమీటరు విషయంలో, లోపల ఉండే సుమారు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ సెల్లునే ఒక కొలబద్దగా, ఇంటి గోడలోని కరెంటును మరొక కొలబద్దగా తీసుకొని ముల్లును సరిచేసుకొమ్మని చెప్పినారు. ఇది ప్రయోగశాల ప్రమాణం కాదు. సెల్లు పాతదైనా, ఊరి కరెంటు హెచ్చుతగ్గులైనా కొలత ఆ మేరకు మారుతుంది. మరమ్మతు పనికి మాత్రం అది చాలును. సాధనం కొలతలో ఎంత తేడా ఉండవచ్చునో కూడ పుస్తకంలో అంకెలతో తెలిపేవారు. చవక వస్తువును అమ్మేవాడు దాని హద్దును తానే చెప్పడం కొనేవానికి గొప్ప మేలు.

ఇంత చేసినా పని చేయని యంత్రాలు ఉండేవి. వాటికోసం ఏ వాల్వు ఏ కాలి వద్ద ఎన్ని వోల్టులుండాలో తెలిపే పట్టికలను పుస్తకం చివర చేర్చినారు. తీగలు కలిపినవాడు తన తప్పును తాను గుర్తించడం కష్టం గనుక, మరొక మిత్రుని చేత సరిచూపించుకొమ్మని సలహా ఇచ్చినారు. అప్పటికీ తెలియకపోతే ఉత్తరం వ్రాస్తే జవాబిచ్చేందుకు ఒక శాఖ ఉండేది. చివరకు యంత్రాన్నే తిప్పి పంపితే రుసుము తీసుకొని బాగుచేసేవారు. అట్లా తిరిగివచ్చినవాటిలో నూటికి తొంభైవంతులు టంకం సరిగా పడనందువల్లనే పని చేయలేదని ఆ సంస్థ తన పుస్తకాలలో ప్రకటించినది. ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండేది. ఆమ్లం కలిసిన టంకాన్ని వాడితే హామీ చెల్లదు, మరమ్మతుకూ స్వీకరించరు. ఆమ్లం కాలక్రమాన తీగలను తినివేస్తుంది. దానిని బాగుచేసి పంపడమంటే త్వరలోనే మళ్ళీ చెడిపోయేదానికి పూచీ పడడమే.

1954లో ఆంథొనీ కూడ విమాన ప్రమాదంలోనే మరణించినాడు. సంస్థ డేస్ట్రమ్ కంపెనీ చేతికి, 1962లో ష్లంబర్జే చేతికి, 1979లో జెనిత్ చేతికి మారినది. ఈలోగా యంత్రాలు తీగలు కలిపి, భాగాలు అతికి కర్మాగారాలలో వేలకొలది సాధనాలను తయారుచేయసాగినవి. మనిషి శ్రమ విలువ ధరలో స్వల్పమైనది. ఇంట్లో కూర్చుకుంటే మిగిలే సొమ్ము లేకపోయినది. 1992లో ఆ పెట్టెల తయారీ ఆగిపోయినది.

నేడు కొన్ని వందల రూపాయలకు అంకెలు చూపే మీటరు ఏ ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా దొరుకుతుంది. దానిని మనం కూర్చనక్కరలేదు. ఆనాటి ప్రశ్నలు మాత్రం మనం అడగవలసినవే. దీనిని ఎవరు పరీక్షించినారు? దేనితో పోల్చి చూచినారు? ఎంతవరకు నమ్మవచ్చునో ఎక్కడ వ్రాసినారు? చెడిపోతే జవాబు చెప్పేవారెవరు? ఇంటి కరెంటుకు తగిలించే సాధనం గనుక ఇది డబ్బుకు సంబంధించిన విచారణ మాత్రమే కాదు. తీగలో కరెంటు లేదని మీటరు చూపితే, ఆ మాట నమ్మి చేయి పెట్టేవాడు ఒక మనిషి.