శరణార్థుల చేతిలో కెమెరా

ఎవరి జీవితం గురించి తెలుసుకోవాలో వారి చేతికే కెమెరా ఇచ్చి, వారు తీసిన ఫొటోలను ముందు పెట్టుకుని వారితో మాట్లాడటమే భాగస్వామ్య ఫొటోగ్రఫీ. శరణార్థి శిబిరాల్లో ఈ పద్ధతి 1990ల చివర్లో వేళ్లూనుకుంది. అంతవరకూ శరణార్థుల ముఖాలు లోకానికి తెలిసింది ఎక్కువగా పత్రికా ఫొటోగ్రాఫర్ల వల్ల, సహాయ సంస్థల విరాళాల పోస్టర్ల వల్ల. 1967-70 నాటి బయాఫ్రా యుద్ధం, 1984 నాటి ఇథియోపియా కరువు బక్కచిక్కిన పిల్లల చిత్రాలను ఇంటింటికీ చేర్చాయి. వాటిని చూసి జనం చలించారు, డబ్బు పంపారు. కానీ ఆ పిల్లల పేరేమిటో, ఏ ఊరివారో, ఏ రాజకీయం వారిని అక్కడికి నెట్టిందో చాలా ఫొటోల కింద ఉండేది కాదు. విమర్శలు పెరగడంతో ఐరోపా స్వచ్ఛంద సంస్థలు 1989లో ఫొటోల వాడకంపై నియమావళి రాసుకున్నాయి. టాంజానియాలో బురుండి హుటూ శరణార్థుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త లీసా మాల్కీ 1996లో మరింత లోతైన ఆరోపణ చేశారు. సహాయ వ్యవస్థ శరణార్థిని గతం లేని, నోరు లేని బాధితుడిగా మార్చేస్తోందని ఆమె వాదన.

పద్ధతి మాత్రం శిబిరాల్లో పుట్టలేదు. 1966లో సోల్ వర్త్, జాన్ అడైర్ అమెరికాలోని నవాహో ప్రజలకు మూవీ కెమెరాలు ఇచ్చారు. 1970ల్లో వెండీ ఇవాల్డ్ కెంటకీ కొండ ప్రాంతపు పిల్లలకు ఫొటోలు తీయడం నేర్పారు. దీనికి పరిశోధనా పద్ధతిగా రూపం వచ్చింది చైనాలోని యున్నాన్‌లో. ఫోర్డ్ ఫౌండేషన్ కార్యక్రమంలో భాగంగా 1992లో కారొలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ 62 మంది గ్రామీణ స్త్రీలకు కెమెరాలు అందించారు. తల్లి పొలం పనిలో ఉండగా పక్కన ఒంటరిగా పడుకున్న పసిబిడ్డ ఫొటో వంటివి అధికారులను పిల్లల సంరక్షణ గురించి ఆలోచింపజేశాయి. బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రెయిరీ ఆలోచనలు ఈ పనికి పునాది. ఫొటోల చుట్టూ జరిగే చర్చకు కొన్ని సూటి ప్రశ్నలు స్థిరపడ్డాయి: ఇందులో ఏం కనిపిస్తోంది? నిజంగా జరుగుతున్నదేమిటి? మన బతుకుతో దీనికి సంబంధమేమిటి? ఇలా ఎందుకుంది? మనమేం చేయగలం? దీనికి ‘ఫొటోవాయిస్’ అనే పేరు నిలిచింది. తెలుగునేలపై జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా రైతులు వీడియో కెమెరాలు పట్టి తమ సేద్యాన్ని తామే చిత్రించింది కూడా ఇదే ఆలోచనతోనే.

శరణార్థుల దగ్గరికి ఈ పని వచ్చిన చరిత్రలో నేపాల్ తూర్పు తరాయికి ప్రత్యేక స్థానం ఉంది. భూటాన్ దక్షిణ భాగంలోని నేపాలీ భాషీయులైన లోత్సంపాల పౌరసత్వాన్ని 1985 చట్టం, 1988 జనాభా లెక్కలు ప్రశ్నార్థకం చేశాయి. 1958 నాటికే భూటాన్‌లో నివసిస్తున్నట్టు భూమిశిస్తు రసీదు చూపమన్నారు. 1990 ఆందోళనల తర్వాత వేలాదిమందిని వెళ్లగొట్టారు. ఝాపా, మొరంగ్ జిల్లాల్లో ఏడు శిబిరాలు వెలిశాయి. వాటి జనాభా క్రమంగా లక్ష దాటింది. దేశం వదిలే ముందు ‘ఇష్టపూర్వకంగా వెళుతున్నాం’ అన్న పత్రాలపై బలవంతంగా సంతకాలు చేయించుకున్నారని, ఆ సమయంలో ఫొటోలు తీస్తూ నవ్వమన్నారని శరణార్థులు మానవహక్కుల పరిశోధకులకు చెప్పారు. ఆ పత్రాల ప్రభావం అక్కడితో ఆగలేదు. 2003లో ఖుదునాబారి శిబిరంలో నేపాల్, భూటాన్ ఉమ్మడిగా జరిపిన పరిశీలన ఫలితాల్లో సుమారు 70 శాతం మందిని స్వచ్ఛందంగా దేశం విడిచినవారి లెక్కలో వేశారు.

ఒకప్పుడు తమకు వ్యతిరేకంగా సాక్ష్యం తయారుచేసిన కెమెరా ఇలాంటి జనం చేతికి రావడం సామాన్య విషయం కాదు. 1998లో బ్రిటన్‌కు చెందిన టిఫనీ ఫెయరీ ఈ శిబిరాల్లో ‘రోజ్ క్లాస్’ పేరిట పిల్లలకు, యువకులకు ఫొటోగ్రఫీ నేర్పడం మొదలుపెట్టారు. వియత్నాంలో వీధి పిల్లలతో ఇదే పని చేస్తున్న అన్నా బ్లాక్‌మన్‌తో కలిసి ఆమె నెలకొల్పిన ‘ఫొటోవాయిస్’ అనే సంస్థ తర్వాత అనేక దేశాలకు విస్తరించింది. లెబనాన్‌లో 2007లో జకీరా సంస్థ పాలస్తీనా శిబిరాల్లోని 500 మంది పిల్లలకు కెమెరాలు పంచింది. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ నమీబియా, యెమెన్‌లలోనూ ఇలాంటి శిక్షణలు నడిపింది.

సహాయాన్ని అర్థం చేసుకోవడంలో ఈ పద్ధతి విలువ సర్వేతో పోల్చితే తెలుస్తుంది. సర్వేలో ప్రశ్న సంస్థది, శరణార్థి దానికి జవాబు మాత్రమే ఇస్తాడు. కుటుంబానికి ఎన్ని కిలోల బియ్యం అందిందో అందులో తేలుతుంది. ఆ బియ్యం కోసం ఎవరు ఎంతసేపు నిలబడ్డారు, చీకటిపడ్డాక మరుగుదొడ్డికి వెళ్లే దారి ఆడపిల్లకు ఎలా కనిపిస్తుంది, అందిన వస్తువుల్లో దేన్ని అమ్ముకుని కూర కొనాల్సివస్తుంది అన్నవి ఎవరూ అడగకపోతే బయటికి రావు. ఫొటో తీసేవారే ఆ అడగని సంగతిని ఎంచుకుని తెస్తారు. ఇంకో ముఖ్యమైన విషయం, వారు బాధనే తీయాలని లేదు. ఆటను, వంటను, పెళ్లిని తీసినప్పుడు శిబిరం ఒక ఊరుగా కనబడుతుంది. సహాయ సంస్థలు ఎక్కువగా మరిచేది దీన్నే.

పరిమితులూ తీవ్రమైనవే. ఫొటోలోని ముఖాన్ని ఎవరైనా గుర్తుపడితే స్వదేశంలో మిగిలిన బంధువులకు ముప్పు రావచ్చు. అందుకే తీసేముందు అనుమతి, వాడేముందు మళ్లీ అనుమతి తప్పనిసరి. ఫొటోలు శరణార్థులు తీసినా, ఏది ప్రదర్శనలో పెట్టాలో, కింద ఏం రాయాలో సంస్థలు నిర్ణయిస్తే పాత పోస్టరే కొత్త చేతులతో తయారవుతుంది. ‘గొంతు ఇస్తున్నాం’ అనే మాటను ఫెయరీయే తర్వాత తన పరిశోధనలో గట్టిగా ప్రశ్నించారు. ఎవరు వింటున్నారన్నదే అసలు ప్రశ్న అన్నది ఆమె నిర్ధారణ. అది సరైన నిర్ధారణ. రేషన్ విధానాన్ని మార్చగల అధికారి ఆ చర్చలో కూర్చోకపోతే, ఎంత మంచి ఫొటో అయినా గోడకే పరిమితం.

స్మార్ట్‌ఫోన్‌తో కెమెరా ఇచ్చేవాడి అవసరం తగ్గింది. 2017 ఆగస్టు తర్వాత మయన్మార్ నుంచి ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కు చేరారు. ఇదే జనానికి చెందిన కొన్ని వేల మంది అంతకుముందు నుంచీ హైదరాబాద్ బాలాపూర్ ప్రాంతంలో తలదాచుకుంటున్నారు. కాక్స్ బజార్ శిబిరాల్లో 2019 సెప్టెంబరు నుంచి దాదాపు ఏడాదిపాటు మొబైల్ ఇంటర్నెట్ ఆంక్షలు సాగినా, అగ్నిప్రమాదాలను, వరదలను, రోజువారీ బతుకును అక్కడి యువకులే ఫోన్లలో నమోదు చేశారు. సాహత్ జియా హీరో 2022లో ప్రారంభించిన ‘రోహింగ్యాటోగ్రాఫర్’ పత్రికలో ఫొటోలు తీసేదీ శరణార్థులే, సంపాదకత్వంలోనూ వారిదే ప్రధాన పాత్ర. 2023లో శరణార్థుల కోసం పనిచేసేవారికి ఐక్యరాజ్యసమితి ఇచ్చే నాన్సెన్ పురస్కారం ఆసియా-పసిఫిక్ ప్రాంతం తరఫున ఆయనతో సహా నలుగురు రోహింగ్యాలకు దక్కింది. ఇంత గుర్తింపు వచ్చినా, అదే ఏడాది నిధుల కొరతతో ఆ శిబిరాల్లో ఒక్కొక్కరికి నెలకు ఇచ్చే ఆహార సహాయం 12 డాలర్ల నుంచి 8 డాలర్లకు పడిపోయింది.