స్కార్పియో-ఎన్‌కు 5 స్టార్ ఓకే.. మరి పిల్లల సేఫ్టీకి ఎన్ని స్టార్లు? కరీంనగర్, ఆదిలాబాద్ ఫ్యామిలీలు కొనేముందు ఇది చూడండి

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్.. ఈ వైపు ఇంట్లో పెద్ద బండి కొందామన్న మాట రాగానే ముందు వినిపించే పేరు స్కార్పియో. ఎత్తుగా ఉంటది, గుంతలకు భయపడదు, ఏడుగురు ఎక్కొచ్చు. 2022 జూన్‌లో కొత్త స్కార్పియో-ఎన్ వచ్చాక ఆ ఇష్టం ఇంకా పెరిగింది. అదే ఏడాది డిసెంబర్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో 5 స్టార్లు రావడంతో 'సేఫ్టీకి తిరుగులేదు' అన్న మాట కూడా తోడైంది.

అయితే ఆ 5 స్టార్లు పెద్దవాళ్లకు ఇచ్చినవి. అదే బండికి, అదే టెస్టులో, పిల్లల సేఫ్టీకి వచ్చింది 3 స్టార్లే. పెద్దల విభాగంలో 34 మార్కులకు 29.25 వస్తే, పిల్లల విభాగంలో 49కి దాదాపు 29 దగ్గర ఆగిపోయింది. షోరూంలో మొదటి నంబర్ అడగకుండానే చెప్తారు. రెండోది మనమే అడగాలి. ఇంట్లో నాలుగేళ్ల లోపు పిల్లలుంటే అడగాల్సింది ముందుగా ఆ రెండోదే.

పిల్లల రేటింగ్ ఎలా ఇస్తారంటే..

టెస్టులో వెనక సీట్లో రెండు బొమ్మలను కూర్చోబెడతారు. ఒకటి 18 నెలల పాప సైజు, ఇంకోటి మూడేళ్ల పిల్లాడి సైజు. రెండూ చైల్డ్ సీట్లలోనే ఉంటాయి. బండిని గంటకు 64 కిలోమీటర్ల స్పీడుతో గుద్దిస్తారు. పక్క నుంచి కూడా గుద్దిస్తారు. ఆ దెబ్బకు బొమ్మ తల, ఛాతీ ఎంత కదిలాయో చూసి 24 మార్కులకు లెక్క వేస్తారు.

మిగతా 25 మార్కుల సంగతి చాలామందికి తెలియదు. అందులో 12 మార్కులు చైల్డ్ సీటు ఈ బండిలో సరిగ్గా బిగుస్తుందా లేదా అన్నదానికి. ఇంకో 13 మార్కులు బండిలోనే ఉండాల్సిన ఏర్పాట్లకు. అన్ని సీట్లకూ మూడు పాయింట్ల బెల్టు ఉందా, ఐసోఫిక్స్ కొక్కేలు ఎక్కడెక్కడ ఉన్నాయి, ముందు సీటు ఎయిర్‌బ్యాగ్ ఆఫ్ చేసే వీలుందా.. ఇలాంటివి. అంటే 3 స్టార్లు వచ్చిన ప్రతి బండీ గుద్దుకోగానే పిల్లలకు ప్రమాదమని కాదు. పిల్లల కోసం ఆలోచించి చేసిన ఏర్పాట్లు తక్కువైనా మార్కులు పోతాయి. కానీ రోజూ పాపను ఎక్కించి దించే తల్లికి ఆ ఏర్పాట్లే కదా ముఖ్యం!

మిగతా బండ్ల సంగతేంటి?

మహీంద్రాదే థార్ రాక్స్ తీసుకోండి. 2024 ఆగస్టులో వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో మన దేశపు భారత్ ఎన్‌క్యాప్ టెస్టులో పెద్దలకు 32కి 31.09, పిల్లలకు 49కి 45. రెండింట్లోనూ 5 స్టార్లే. భారత్ ఎన్‌క్యాప్‌లో పిల్లల విభాగానికి 5 స్టార్లు రావాలంటే కనీసం 41 మార్కులు కావాలి. టాటా సఫారీ, హారియర్‌లకు 2023 డిసెంబర్‌లో ఇదే టెస్టులో పిల్లలకు 44.54 వచ్చింది. ఎక్స్‌యూవీ700కు 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ 41.66 మార్కులతో 4 స్టార్లు ఇచ్చింది. అయితే అది పాత రూల్స్ ప్రకారం చేసిన టెస్టు. కాబట్టి ఆ నంబర్‌ను కొత్తవాటి పక్కన పెట్టి పోల్చడం కరెక్టు కాదు.

ఇక పల్లెల్లో బాగా తిరిగే బొలెరో నియో. 2024 ఏప్రిల్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ దీనికి పెద్దలకూ, పిల్లలకూ ఒక్కో స్టారే ఇచ్చింది. పిల్లల మార్కులు 49కి 12.71. దీని చివరి వరుస సీట్లు ఎదురెదురుగా, పక్కకు తిరిగి ఉంటాయి. ఆ సీట్లలో చైల్డ్ సీటు బిగించనేకూడదు.

'నా ఒళ్లో కూసుంటడు తీయ్' అంటే..

చైల్డ్ సీటు కొందామంటే మన ఇళ్లలో మొదట వచ్చే మాట ఇదే. నానమ్మనో, అమ్మమ్మనో అంటుంది. ప్రేమతోనే అంటుంది. కానీ లెక్క వేరేగా ఉంటది. గంటకు 50 కిలోమీటర్ల స్పీడులో ఉన్న బండి దేనికైనా గుద్దుకుని ఒక్కసారిగా ఆగితే, పది కిలోల పిల్లాడు చేతులను వంద కిలోలకు పైగా బరువుతో ముందుకు లాగుతాడు. ఎంత గట్టిగా పట్టుకున్నా చేతులు ఆగవు. పట్టుకున్న మనిషికి బెల్టు లేకపోతే ఇద్దరూ ముందు సీటు మీదికి పోతారు. ఒకే బెల్టును ఇద్దరికీ చుట్టడం ఇంకా ప్రమాదం. పెద్దవాళ్ల బరువంతా పిల్లాడి మీద పడి, ఆ బెల్టుకూ పెద్దవాళ్లకూ మధ్య నలిగిపోతాడు.

చట్టం కూడా ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 194బి సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలకు సీటు బెల్టో, చైల్డ్ సీటో లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. హెల్మెట్‌కు ఆపినట్టు మన రోడ్ల మీద దీనికి ఆపడం అరుదు. అది వేరే సంగతి.

ఏడు సీట్లే అసలు తిరకాసు

స్కార్పియో-ఎన్ కొనేవాళ్లు చెప్పే పెద్ద కారణం మూడో వరుస. పుట్టువెంట్రుకలకు వేములవాడ పోవాలన్నా, అక్షరాభ్యాసానికి బాసర పోవాలన్నా, కొండగట్టు మొక్కు తీర్చాలన్నా తల్లిదండ్రులతో పాటు తాత, నానమ్మ, మేనమామ అందరూ బయల్దేరుతారు. అసలు అక్షరాభ్యాసం ప్రయాణం అంటేనే బండిలో చిన్నపిల్లలు ఉన్నట్టు. మూడేళ్లవాడు ఒకడు, వాడి వెనక ఇంకో పసిపాప. మరి చైల్డ్ సీటు ఎక్కడ పెడతారు?

ఐసోఫిక్స్ కొక్కేలు రెండో వరుసలో అటు చివర, ఇటు చివర ఉంటాయి. మూడో వరుసలోకి పోవాలంటే ఎడమ వైపు రెండో వరుస సీటును మడిచి ముందుకు తిప్పాలి. ఆ సీటుకు చైల్డ్ సీటు బిగించి ఉంటే అది మడవదు. అంటే వెనక్కి దారి మూసుకుపోయినట్టే. పోనీ కుడి వైపు బిగిద్దామంటే, రోడ్డు పక్కన బండి ఆపినప్పుడు వాహనాలు పోయే వైపు నిలబడి పాపను ఎక్కించాలి. రాజీవ్ రహదారి మీదనో, 44వ నంబర్ హైవే మీదనో దాబా దగ్గర ఆగినప్పుడు ఇది ఎంత ఇబ్బందో ఒకసారి ఊహించుకోండి.

అయినా ఒకే చైల్డ్ సీటు అయితే కుడి వైపే మేలు. బండిని రోడ్డుకు బాగా లోపలికి తీసి ఆపి, అప్పుడు డోర్ తీయాలి. ఎడమ సీటు మడుస్తుంది కాబట్టి మూడో వరుసలోకి వయసులో ఉన్నవాళ్లు వెళ్లొచ్చు. రెండు చైల్డ్ సీట్లు పెడితే మాత్రం ఏడు సీట్ల బండి చేతిలో ఉన్నా మీకు నిజంగా మిగిలేది నాలుగైదు సీట్లే. ఆరు సీట్ల మోడల్‌లో రెండో వరుసలో విడివిడిగా ఉన్న సీట్ల మధ్య సందు నుంచి వెనక్కి పోవచ్చని అంటారు. కుర్రాళ్లు పోతారు. చీర కట్టుకున్న నానమ్మ పోలేదు. పైగా మూడో వరుస ఎత్తి ఉంచితే వెనక సామాను జాగా దాదాపు ఉండదు. స్ట్రాలర్, పాల సీసాల సంచి, కొబ్బరికాయల బస్తా ఎక్కడ పెట్టాలో ముందే అనుకోవాలి.

థార్ రాక్స్ విషయంలో ఈ గందరగోళం లేదు. ఎందుకంటే అది ఐదు సీట్ల బండే. పొడవు 4,428 మిల్లీమీటర్లు, స్కార్పియో-ఎన్ 4,662. పొడవు తక్కువైనా రాక్స్ వీల్‌బేస్ 2,850, స్కార్పియో-ఎన్‌ది 2,750. అందుకే వెనక కాళ్లకు జాగా బాగానే ఉంటుంది. వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటు ఎక్కువ జాగా తింటుంది కాబట్టి ఇది పనికొచ్చే తేడా. ఇక మూడు డోర్ల పాత థార్ ఉంది కదా అనుకుంటే, దానికి వెనక డోర్లే లేవు. పసిపాపను ముందు సీటు మడిచి లోపల పెట్టి, వంగి బెల్టులు బిగించడం నెలకోసారైతే సరదా, రోజూ అయితే నడుం పోతుంది.

రాక్స్ మొదట తెల్లటి సీట్లతో వచ్చింది. పిల్లలున్న ఇంట్లో తెల్ల సీట్లా అని చాలామంది నవ్వుకున్నారు. తర్వాత బ్రౌన్ రంగు కూడా తెచ్చారు.

ఎత్తైన బండి.. లాభమెంత, నష్టమెంత?

స్కార్పియో-ఎన్, రాక్స్ రెండూ లాడర్ ఫ్రేమ్ బండ్లు. అంటే లారీలా కింద ఇనుప చట్రం, దాని మీద బాడీ. ఉట్నూర్, జైనూర్, కెరమెరి వైపు రోడ్లకు, వర్షాకాలంలో వాగులు పొంగి రోడ్లు కోసుకుపోయే ఊర్లకు ఇలాంటి బండి ఉండటం ధీమానే. జనవరి, ఫిబ్రవరిలో కెస్లాపూర్ నాగోబా జాతరకు పోయేటప్పుడు మట్టి రోడ్డు తగిలినా ఆలోచించక్కర్లేదు.

కానీ ఈ బండ్లు సఫారీ, ఎక్స్‌యూవీ700 లాంటి మోనోకాక్ బండ్ల కంటే ఎక్కువ ఊగుతాయి. ఘాట్ రోడ్డులో వెనక వరుసలో కూర్చున్న పిల్లలకు వాంతులు ఖాయం. ఎత్తు కూడా సమస్యే. పన్నెండు కిలోల పిల్లాడిని భుజం ఎత్తుకు లేపి, లోపలికి తిప్పి, సీట్లో కూర్చోబెట్టాలి. ఇంట్లో ఈ పని ఎక్కువసార్లు ఎవరు చేస్తారో వాళ్లనే టెస్ట్ డ్రైవ్‌కు తీసుకుపోవాలి. సాధారణంగా షోరూంకు పోయేది నాన్న, ఎత్తుకునేది అమ్మ. ఫుట్‌స్టెప్ వేయించుకుంటే కొంత నయం.

మన ఎండ, మన చలి

ఆదిలాబాద్ చలి సంగతి తెలిసిందే. పొద్దున్నే బయల్దేరితే పిల్లలకు మందంగా స్వెట్టర్, జాకెట్ వేస్తారు. చైల్డ్ సీటులో ఇదే ప్రమాదం. బెల్టు బిగుతుగా ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ గుద్దుకున్నప్పుడు జాకెట్ అణిగిపోయి పిల్లాడు బెల్టులోంచి జారిపోతాడు. జాకెట్ తీసి, బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పాలి. బెల్టు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవాలంటే భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిచ్చి చూడండి. వేళ్లకు చిక్కితే ఇంకా బిగించాలి.

ఎండాకాలం దీనికి తిప్పి లెక్క. జగిత్యాల, రామగుండం వైపు 45 డిగ్రీలు దాటిన రోజుల్లో ఎండలో ఆపిన బండిలో చైల్డ్ సీటు బకిల్ ముట్టుకుంటే కాలుతుంది. సీటు మీద తెల్ల గుడ్డ కప్పి ఉంచండి, ఎక్కించేముందు మీ చేత్తో ముట్టి చూడండి. ఏసీ ఉంది కదా అని, రెండు నిమిషాలే కదా అని పిల్లలను బండిలో వదిలి పోవద్దు.

ఏ వయసుకు ఏ సీటు?

పుట్టినప్పటి నుంచి కనీసం 15 నెలల దాకా వెనక్కి తిరిగి ఉండే సీటే. వీలైతే అంతకంటే ఎక్కువ కాలం. ఎందుకంటే పసిపిల్లల మెడ బలహీనం, తల బరువు. ఆ తర్వాత ముందుకు తిరిగే, భుజాల మీద పట్టీలుండే సీటు. సుమారు 15 కిలోలు దాటాక బూస్టర్. పెద్దల బెల్టు మెడకు కాకుండా భుజానికి, పొట్టకు కాకుండా తొడల పైకి వచ్చేంత ఎత్తు పెరిగేదాకా బూస్టర్ తీయొద్దు.

కొనేటప్పుడు సీటు మీద ఏఐఎస్-072 గానీ, ఆర్44, ఆర్129 గానీ ముద్ర ఉందో లేదో చూడండి. ఆన్‌లైన్‌లో వెయ్యి, పదిహేను వందలకు దొరికే మెత్తటి గుడ్డ బెల్టు సీట్లకు ఈ ముద్ర లేకపోతే అవి సీట్లు కావు, దిండ్లు. తెలిసినవాళ్లు వాడిన సీటు ఇస్తామంటే, ఆ బండికి యాక్సిడెంట్ అయిందా అని మొహమాటం లేకుండా అడగండి.

మరి ఏది కొనాలి?

ఇంట్లో నలుగురైదుగురే, పిల్లలు చిన్నవాళ్లు, రోడ్లు గరుకు అంటే రాక్స్ మార్కులు స్కార్పియో-ఎన్ కంటే స్పష్టంగా మెరుగు. ఏడు సీట్లు తప్పదు, తిరిగేది ఎక్కువగా కరీంనగర్ టు హైదరాబాద్ లాంటి మంచి రోడ్ల మీదే అంటే సఫారీని చూడకుండా నిర్ణయం తీసుకోవద్దు. స్కార్పియో-ఎన్ మీదే మనసుంటే ఏడు సీట్ల బెంచ్ మోడల్ తీసుకుని, కుడి వైపు ఒక్క చైల్డ్ సీటుతో నడిపించుకోవచ్చు. రెండు చైల్డ్ సీట్లు, పైగా ఇంటిల్లిపాదీ ఒకే బండిలో అంటే మాత్రం దానితో కుదరదు.

షోరూంకు పోయేటప్పుడు చైల్డ్ సీటును వెంట తీసుకుపోండి. సేల్స్ అబ్బాయి విసుక్కున్నా సరే, మీరు కొనబోయే వేరియంట్‌లోనే బిగించి చూడండి. ఎయిర్‌బ్యాగ్‌ల సంఖ్య, ఇతర ఏర్పాట్లు వేరియంట్‌ను బట్టి మారతాయి. టాప్ మోడల్‌లో చూపించి కింది మోడల్ ఇస్తే లాభం లేదు. వెనక సీటు సందులో చెయ్యి పెట్టి ఐసోఫిక్స్ కొక్కెం తగులుతుందో లేదో చూడండి. నడి సీటుకు మూడు పాయింట్ల బెల్టు ఉందా, నడుముకే ఉందా చూడండి. సీటు బిగించాక అటూ ఇటూ లాగితే ఒక అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. వెనక్కి తిరిగి ఉండే సీటు బిగించాక ముందు సీట్లో ఆరడుగుల మనిషి కూర్చోగలడా అని కూడా చూడండి. చివరగా ముందు సీటు సన్‌వైజర్ తిప్పితే దాని మీద పసిపిల్లల సీటుపై కొట్టేసిన బొమ్మ ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉన్న ముందు సీట్లో వెనక్కి తిరిగిన సీటు పెడితే ఎయిర్‌బ్యాగ్ నేరుగా పాప తల వెనక కొడుతుందని దాని అర్థం.