రెండో పూతా, మూడో పూతా?

నేల బలానికి వేసిన లుపిన్ అనే పప్పుజాతి మొక్కను ఇసుక నేలలో అయితే రెండో పూతకు, బిగువైన ఎర్రనేలలో అయితే మూడో పూతకు కోసి మట్టిలో కలిపేయాలి. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత కొలుమెల్లా తన సేద్యగ్రంథంలో పెట్టిన లెక్క ఇది. చదవగానే ప్రాణం లేచొచ్చింది. పచ్చిరొట్ట ఎరువు పాతదని తెలుసు గానీ, పూతలు లెక్కపెట్టేంత నిశితంగా చూశారని తెలియదు.

కారణం కూడా ఆయనే చెప్పాడు. ఇసుక నేలలో మొక్క లేతగా ఉండగానే కుళ్లి, ఆ పలచటి మట్టిలో కలిసిపోవాలి. గట్టి నేలలో కాస్త ముదిరిన కాడలు పెళ్లలను ఎత్తిపట్టి ఉంచితే వేసవి ఎండకు అవి చితికిపోతాయి.

రొట్ట కలిపిన నేలలో గోధుమ వేసే రైతుకు ఈ లేత-ముదురు తేడా చాలా పెద్దది. గింజలోని మాంసకృత్తులకు మూలం నత్రజని. పిండికి సాగుడునిచ్చే గ్లూటెన్ ఆ మాంసకృత్తులలోదే. లేత రొట్ట త్వరగా కుళ్లి నత్రజనిని వదులుతుంది. పీచెక్కిన కాడను కలిపితే, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులే మట్టిలోని నత్రజనిని కొన్నాళ్లు పట్టేసుకుంటాయి. అప్పుడు వేసిన పైరు పాలిపోతుంది.

కొలుమెల్లా పుట్టింది స్పెయిన్ తీరంలోని గేడ్స్‌లో, నేటి కాడిజ్. సేద్యం చేసింది ఇటలీలో. లుపిన్‌కు చాకిరీ తక్కువ, ఖర్చు తక్కువ, నేలకు మేలు ఎక్కువ అని మెచ్చుకున్నాడు. చేదు గింజను నానబెట్టి ఉడికిస్తే చలికాలంలో ఎడ్లకు మేత, కరువులో మనుషులకు తిండి అన్నాడు. ఆయనకు రెండు శతాబ్దాల ముందే మరో రోమన్ రచయిత కేటో, పైరుకు ఎరువయ్యే పంటల్లో లుపిన్‌నూ చిక్కుళ్లనూ చేర్చాడు. అంతకుముందే గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్, మాసిడోనియా, థెస్సలీ రైతులు చిక్కుడును పూత మీద దున్నేస్తారని రాశాడు.

ఆ తరువాత శతాబ్దాలు గడిచాక ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో నేల బలం నిలిపేందుకు గోధుమ, టర్నిప్, బార్లీ, క్లోవర్ వంతులవారీగా తిరిగాయి. 1913లో జర్మనీలోని ఒప్పావులో గాలిలోని నత్రజనితో అమ్మోనియా తయారుచేసే కర్మాగారం మొదలయ్యాక ఎరువు బస్తాలోకి వచ్చింది. బస్తా కోట్లమందికి అన్నం పెట్టింది, కాదనను. కానీ పూత చూసి నేలను చదివే కన్ను దానితో పాటే మందగించింది. ఆ నష్టం నన్ను చాలా బాధిస్తుంది. మన వరి పొలాల్లో జనుము, జీలుగ, పిల్లిపెసర వేసి పూతకొచ్చాక కలియదున్నే రైతుల్లో ఆ కన్ను ఇంకా ఉంది.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మరో మనిషి షుల్ట్జ్. 1855 నుంచి జర్మనీలోని లుపిట్జ్ అనే ఊళ్లో సారంలేని ఇసుక నేల దున్నాడు. సున్నపు మట్టి, పొటాష్ లవణం వేసి లుపిన్ పెంచాడు. దాని వెనక వేసిన పంటలు నత్రజని ఎరువు లేకుండానే పండాయి. కొన్ని మొక్కలు నత్రజనిని కూడబెడతాయి, కొన్ని తింటాయి అని ఆయన వాటిని రెండుగా విడదీశాడు. పండితులు చాలామంది ఒప్పుకోలేదు.

1886లో జర్మన్ శాస్త్రవేత్త హెల్‌రీగెల్ కుండీల ప్రయోగం బయటపెట్టాడు. నత్రజని లేని ఇసుకలో ఓట్స్ ఎదగలేకపోయాయి. బఠాణీకి పొలం మట్టి కలిపిన నీళ్లు కాసిని పోస్తే చాలు, వేళ్ల మీద బుడిపెలు లేచి ఏపుగా పెరిగింది. ఆ బుడిపెల్లోని బాక్టీరియాను 1888లో డచ్ శాస్త్రవేత్త బైజరింక్ వేరుచేసి చూపించాడు. షుల్ట్జ్ చెప్పింది నిజమేనని తేలేనాటికి ఆయన ఇంకా బతికే ఉన్నాడు.