బాల్కనీలన్నీ దక్షిణం చూసే ఊరు

1865 ఫిబ్రవరి 8. స్విట్జర్లాండు తూర్పు కొసన, ఆల్ప్స్ కొండల నడుమ ఒదిగి ఉన్న దావోస్ లోయలో ఇద్దరు జర్మన్లు మంచుబండి దిగారు. ఒకరు ఫ్రెడరిక్ ఉంగర్, వైద్యుడు. రెండోవారు హ్యూగో రిక్టర్, పుస్తకాల వ్యాపారి. ఇద్దరికీ క్షయ. ఆ కాలంలో క్షయ రోగిని చలిగాలి తగలకుండా కాపాడుకోవడమే పెద్ద వైద్యం. డబ్బున్న రోగులు శీతాకాలం వస్తే ఇటలీకో, ఫ్రాన్సు దక్షిణ తీరానికో తరలిపోయేవారు. వీళ్లిద్దరూ మాత్రం నడి చలికాలంలో, సముద్రమట్టానికి 1,560 మీటర్ల ఎత్తున ఉన్న ఒక పశువుల కాపరుల పల్లెకు చలిని వెతుక్కుంటూ వచ్చారు.

చచ్చిపోతారనే అనుకుని ఉంటారు చూసినవాళ్లు. ఇద్దరూ కోలుకున్నారు. కోలుకున్నాక ఊరు విడిచి వెళ్లలేదు కూడా. ఉంగర్ అక్కడే వైద్యం మొదలుపెట్టాడు, రిక్టర్ పుస్తకాల వ్యాపారం పెట్టుకున్నాడు.

దావోస్ అంటే మనకు జనవరి నెల వార్త. రెండు తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రులు, మంత్రులు కోట్లు వేసుకుని మంచులో నిలబడిన ఫొటోలు, ఒప్పందాల సంతకాలు, వేల కోట్ల పెట్టుబడుల అంకెలు. ఆ ప్రపంచ ఆర్థిక వేదిక ఏడాదిలో ఓ వారం ముచ్చట. 1971లో మొదలైంది. ఊరి కథ అంతకు వందేళ్ల పైచిలుకు ముందుది. శీతాకాలంలో కొండ మీదికి సెలవులకు వెళ్లడమనే అలవాటు ఆల్ప్స్‌లో ఎలా పుట్టిందో తెలియాలంటే ఈ ఊరి మంచాల దగ్గర మొదలుపెట్టాలి.

ఆ ఇద్దరు రోగులూ రావడానికి కారణమైన మనిషి అలెగ్జాండర్ స్పెంగ్లర్. జర్మనీలో మాన్‌హైమ్ ఆయన సొంతూరు. లా చదువుతూ 1849 తిరుగుబాటులో దిగాడు. అది అణగారిపోయాక స్విట్జర్లాండుకు పారిపోయి, జ్యూరిచ్‌లో వైద్యం చదివి, 1853లో దావోస్‌కు ఊరి వైద్యుడిగా వచ్చాడు. తల దాచుకోవడానికి దొరికిన ఉద్యోగం అది. ఊళ్లో తిరుగుతుండగా ఆయన గమనించింది ఒక్కటే: ఇక్కడ క్షయ కనిపించడం లేదు. బయటి దేశాలకు పనికి వెళ్లి జబ్బు తెచ్చుకున్నవాళ్లు కూడా ఇంటికొచ్చాక తేరుకుంటున్నారు. ఎత్తు, పొడిగాలి, ఎండ కలిసి పనిచేస్తున్నాయని నమ్మాడు. రోగులకు కడివెడు పాలు, వాల్టెల్లినా లోయ ద్రాక్షసారా, చన్నీటి స్నానాలు, కొండల్లో దొరికే మార్మోట్ అనే జంతువు కొవ్వుతో మర్దన రాసిచ్చేవాడు.

ఆ గాలి క్షయ క్రిమిని చంపదని ఈనాడు మనకు తెలుసు. కానీ 1865 నాటికి క్రిమి అన్నదే ఎవరికీ తెలియదు. రాబర్ట్ కోచ్ దాన్ని కనిపెట్టి లోకానికి చెప్పింది 1882లో. అంతవరకూ మందు లేని జబ్బుకు విశ్రాంతి, కడుపునిండా తిండి, ఒక డాక్టరు ధైర్యం అందడమే గొప్ప. స్పెంగ్లర్‌ను నేను తప్పుపట్టలేను.

1867లో విల్లెం యాన్ హోల్స్‌బోయర్ అనే డచ్చి మనిషి జబ్బుపడిన భార్యను తీసుకుని వచ్చాడు. ఒకప్పుడు నావికుడు, తర్వాత లండన్‌లో బ్యాంకు ఉద్యోగి. భార్య దక్కలేదు. ఆయన మాత్రం ఆమెను పోగొట్టుకున్న ఊళ్లోనే ఉండిపోయాడు. స్పెంగ్లర్‌తో కలిసి చికిత్సాలయం కట్టాడు, కొండల్లోకి రైలు కావాలని పట్టుబట్టాడు. లాండ్‌క్వార్ట్ నుంచి బయల్దేరిన ఆ చిన్న గేజి రైలు 1890లో దావోస్ చేరింది. రేషియన్ రైల్వే అని ఇప్పుడు ప్రపంచమంతా ఫొటోలు తీసుకునే ఎర్ర రైళ్ల వ్యవస్థకు మొదటి పట్టాలు అవే. ఈరోజు సెలవులకు వెళ్లేవాళ్లు లాండ్‌క్వార్ట్‌లో రైలు మారి, క్లోస్టర్స్ మీదుగా వంపులు తిరుగుతూ ఎక్కే దారి ఆయన వేయించినదే.

రైలు దిగి ఊళ్లో నడిస్తే ముందు ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. క్యాలెండర్లలో చూసే స్విస్ ఇళ్ల ఏటవాలు కప్పులు ఇక్కడ తక్కువ. ఎక్కువగా సమతలమైన డాబాలు. వాటి కింద అంతస్తు అంతస్తుకీ, ఈ చివర నుంచి ఆ చివరకు పొడవాటి బాల్కనీలు. అన్నీ దక్షిణం వైపే, ఎండకు ఎదురుగా. అవి ప్రకృతి అందం చూడటానికి కట్టినవి కావు, రోగులు పడుకోవడానికి కట్టినవి.

ఆ పడుకోవడం మామూలు పడుకోవడం కాదు. 1889లో కార్ల్ టూర్బన్ అనే వైద్యుడు ఇక్కడ కట్టుదిట్టమైన శానిటోరియం తెరిచాక అదొక శాస్త్రంలా నడిచింది. మెడదాకా ఉన్ని కంబళ్లు చుట్టుకుని, మంచు కురుస్తున్నా సరే, బయట వాలుమంచం మీద గంటల తరబడి కదలకుండా ఉండాలి. ఎంతసేపు నడవాలో, ఎప్పుడు తినాలో, ఎప్పుడు ఒళ్లు వేడి చూసుకోవాలో అంతా డాక్టరు చెప్పినట్టే. కఫం నేల మీద పడకూడదని ముదురు నీలం రంగు గాజు బుడ్డి ఒకటి జేబులో పెట్టుకునేవారు. దానికి జర్మన్ రోగులు 'నీలం హెన్రీ' అని ముద్దుపేరు పెట్టారు. నెలలు గడిచేవి, ఒక్కోసారి ఏళ్లు.

మనకూ ఇలాంటి ఊరు ఉంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ సారథ్యంలో 1910లలో మొదలైన ఆ శానిటోరియానికి కూడా పొడిగాలే పెట్టుబడి. 'మదనపల్లెకు పంపించారట' అన్న మాట గొంతు తగ్గించి చెప్పుకున్న కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో. అందుకే ఆ బాల్కనీలు నాకు పరాయివిగా తోచవు.

జబ్బువాళ్ల వెంట జబ్బులేనివాళ్లూ వచ్చారు. భర్తలు, భార్యలు, తమ్ముళ్లు, పిల్లలు. కాస్త తేరుకున్న రోగులూ ఉండేవారు. ఇంత మంచు, ఇంత ఎండ, చెయ్యడానికి పనిలేదు. దావోస్‌లో ఆట పుట్టింది ఇక్కడే.

ఆంగ్ల రచయిత జాన్ ఆడింగ్టన్ సైమండ్స్ ఊపిరితిత్తుల జబ్బుతో 1877లో వచ్చి ఊళ్లోనే స్థిరపడ్డాడు. స్థానికులు సరుకులకూ, రాకపోకలకూ వాడే చిన్న చెక్కబండ్ల మీద వాలులో జారడం ఆయనకు ప్రాణం. ఆయన చొరవతోనే 1883లో దావోస్ నుంచి క్లోస్టర్స్ వైపు అంతర్జాతీయ పందెం జరిగింది. ఆస్ట్రేలియా విద్యార్థి ఒకడు, క్లోస్టర్స్ పోస్ట్‌మన్ ఒకడు సరిసమానంగా గమ్యం చేరి గెలుపు పంచుకున్నారు. ఉత్తరాల కోసం రోజూ ఆ దారిన వెళ్లే మనిషి దొరలతో కలిసి గెలవడం నాకు ఈ చరిత్రలోకెల్లా ఇష్టమైన ఘట్టం. ఇదే ఊళ్లో రెండు శీతాకాలాలు గడిపిన రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ 'ట్రెజర్ ఐలాండ్' నవల పూర్తి చేసిందీ ఆ రోజుల్లోనే.

స్కీలు నార్వే నుంచి వచ్చాయి. ఊరివాళ్లైన టోబియాస్, యోహానెస్ బ్రాంగర్ అన్నదమ్ములు వాటిని తెప్పించుకుని, జనం నవ్వుతారని చీకటిపడ్డాక సాధన చేసేవారట. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కానన్ డాయిల్ కూడా క్షయ సోకిన భార్య లూయీసా కోసమే దావోస్ వచ్చాడు. 1894 మార్చి 23న బ్రాంగర్ సోదరులు ఆయన్ను వెంటబెట్టుకుని, 2,400 మీటర్లకు పైబడిన మైయెన్‌ఫెల్డర్ ఫుర్కా కనుమ దాటించి, అవతలి లోయలోని అరోసాకు స్కీల మీద చేర్చారు. అరోసా హోటలు పుస్తకంలో డాయిల్ వృత్తి దగ్గర టోబియాస్ 'క్రీడాకారుడు' అని రాశాడు. స్కీయింగ్ కోసం ఇంగ్లీషువాళ్లు వందలుగా స్విట్జర్లాండుకు వచ్చే రోజు వస్తుందని ఆ ఏడాదే డాయిల్ ఒక పత్రికలో రాశాడు. జోస్యం ఫలించింది.

అప్పటికింకా ఒక్కసారి జారడానికి రెండు మూడు గంటలు కొండెక్కాలి. 1931, 32లలో పార్సెన్ కొండ మీదికి తాడుతో లాగే రైలు రెండు దశల్లో వెళ్లి, 2,662 మీటర్ల వైస్‌ఫ్లూయోఖ్ దాకా మనుషుల్ని చేర్చింది. 1934 క్రిస్మస్ ముందురోజు బొల్గెన్ వాలు మీద ఇంజనీరు ఎర్నెస్ట్ కాన్‌స్టామ్ కదిలే తీగకు కర్రలు వేలాడదీశాడు. కర్రను నడుం వెనక ఆనించుకుంటే చాలు, స్కీల మీద నిలబడే పైకి వెళ్లిపోవచ్చు. ప్రపంచంలో ఆ తరహా మొదటి లిఫ్టు అది. స్కీయింగ్ గుండెధైర్యం, కండబలం ఉన్నవాళ్ల చేతుల్లోంచి సెలవుకొచ్చిన గుమాస్తాల, పిల్లల కాళ్లకిందికి వచ్చింది.

మంచు అందంగా ఉన్నంత మాత్రాన మంచిది కాదు. దావోస్ శివారు ఫ్రావెన్‌కిర్ఖ్‌లో పాత చర్చి వెనుకగోడ కొండవైపు పడవ ముక్కులా కోసుగా ఉంటుంది. పైనుంచి హిమపాతం దూకితే రెండుగా చీలి పక్కలకు పోవాలని పెద్దలు అలా కట్టారు. వైస్‌ఫ్లూయోఖ్ మీద 1936లో చిన్న చెక్క గదిలో మొదలైన మంచు పరిశోధన నేడు ప్రపంచం గౌరవించే సంస్థ. హిమపాతాల హెచ్చరికలు స్విట్జర్లాండుకంతటికీ దావోస్ నుంచే వెలువడతాయి. స్కీలు కట్టుకునే ముందు రోజూ పొద్దున్నే ఆ హెచ్చరిక చూసుకోవడం అక్కడ అలవాటు.

శానిటోరియాలను ఖాళీ చేయించింది మాత్రం మందు. 1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది, తర్వాత ఐసోనియాజిడ్ వచ్చింది. అయినా రోగిని కొండ మీద విశ్రాంతిగా ఉంచాల్సిందేనన్న నమ్మకం పోలేదు. ఆ నమ్మకం మీద తేల్చిచెప్పిన దెబ్బ మన పక్కనుంచే పడింది. మద్రాసులో 1956లో మొదలైన క్షయ చికిత్సా కేంద్రం ఒకే మందుల్ని కొందరికి శానిటోరియంలో, కొందరికి ఇంటి దగ్గర ఏడాదిపాటు ఇచ్చి చూసింది. 1959లో ఫలితం ప్రకటించింది. ఇరుకు గదుల్లో, చాలీచాలని తిండితో ఉన్న పేదలు కూడా దాదాపు సమానంగా కోలుకున్నారు. ఇంట్లోవాళ్లకు జబ్బు అంటుకునే ప్రమాదమూ పెరగలేదు. గాలి కాదు, మందు సరిగ్గా వేసుకోవడమే ముఖ్యమని మద్రాసు పేటల్లో రుజువైంది.

పడకలు ఖాళీ అయిన దావోస్‌ను రోగుల వెంట వచ్చినవాళ్లు నేర్పిన ఆటలే నిలబెట్టాయి. స్పెంగ్లర్ కొడుకు కార్ల్ కూడా వైద్యుడే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒకరినొకరు చంపుకున్న దేశాల యువకులు కలిసి ఆడాలని ఆయన 1923లో పెట్టిన ఐస్ హాకీ పోటీ, స్పెంగ్లర్ కప్, ఇప్పటికీ క్రిస్మస్ మర్నాడు మొదలవుతుంది.

ఊరికి 300 మీటర్లు పైన షాట్సాల్ప్ ఉంది. 1900లో శానిటోరియంగా తెరుచుకుని, 1950లలో హోటలుగా మారింది. 1912లో భార్యను చూడటానికి దావోస్ వచ్చి మూడు వారాలుండి, 1924లో 'ది మ్యాజిక్ మౌంటెన్' వెలువరించిన థామస్ మాన్ తన నవలలో ఈ షాట్సాల్ప్ పేరు చెప్పే రాశాడు. చలికాలంలో దారులు మూసుకుపోతే అక్కడ చనిపోయినవాళ్లను మంచుబండ్ల మీద కిందికి పంపేవారని ఆ నవలలో ఒక పాత్ర చెబుతుంది. హోటలు బాల్కనీలు అలాగే ఉన్నాయి. మధ్యాహ్నం ఎండలో అతిథులు కాళ్ల మీద కంబళి కప్పుకుని కూర్చుంటారు. పక్కనే మొదలయ్యే జారుడుబాట మీద చెక్కబండి ముందు పిల్లను కూర్చోబెట్టుకుని ఒక తల్లి కాళ్లు ఎత్తుతుంది. బండి మలుపు తిరిగి చెట్ల వెనక్కి పోతుంది. కింద దావోస్ ప్లాట్జ్ దాకా కేకలు వినబడుతూనే ఉంటాయి.